దొంగ క్లిక్‌ల నుంచి యాడ్ డబ్బు కాపాడుకోవడం ఎలా? తిరుపతి చిన్న వ్యాపారుల కోసం

తిరుపతిలో గూగుల్ యాడ్స్ పెట్టేవాళ్లలో చిన్న వ్యాపారులే ఎక్కువ. నాలుగైదు కార్లతో తిరుమల, కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పే ట్రావెల్స్ వాళ్లు, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల వాళ్లు, డెంటల్ క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు. వీళ్లలో చాలామంది చెప్పే బాధ ఒకటే: "పొద్దున పదికల్లా బడ్జెట్ అయిపోతోంది, ఒక్క ఫోన్ రాలేదు. ఎవడో కావాలనే నొక్కుతున్నాడు."

ఆ అనుమానం నిజమే కావచ్చు. యాడ్ మీద ఎవరు నొక్కినా డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది కాబట్టి, చెడు చేయాలనుకునేవాడికి ఇది తేలికైన దారి. కానీ డబ్బు పోవడానికి ఇదొక్కటే కారణం కాదు. చాలా అకౌంట్లలో దొంగ క్లిక్‌ల వల్ల పోయేదానికన్నా తప్పు సెట్టింగుల వల్ల పోయేదే ఎక్కువ ఉంటుంది. అందుకే ఎవరు నొక్కుతున్నారో పట్టుకోవాలని పరిగెత్తకండి. డబ్బు ఏ దారుల్లో పోతోందో చూసి, మీ చేతిలో ఉన్న దారులన్నీ ముందు మూసేయండి. మిగిలినదానికి ఆధారాలు కూడబెట్టి గూగుల్‌ని అడగండి. ఈ వరుస తప్పితే శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ.

అన్నిటికంటే ముందు: అకౌంట్ ఎవరి పేరు మీద ఉంది?

ఊళ్లో ఎంతోమంది యాడ్స్ పనిని ఏజెన్సీకో, తెలిసిన కుర్రాడికో అప్పగించి, నెలాఖరున వాట్సాప్‌లో వచ్చే స్క్రీన్‌షాట్ చూసి ఊరుకుంటారు. ఇది మానాలి. అకౌంట్ మీ జీమెయిల్ మీద ఉండాలి, అడ్మిన్ హక్కు మీకు ఉండాలి, ఏజెన్సీకి మీరు అనుమతి ఇచ్చినట్టు ఉండాలి. గూగుల్ యాడ్స్‌లో 'యాక్సెస్ అండ్ సెక్యూరిటీ' పేజీ తెరిస్తే ఎవరెవరికి ఏ హక్కు ఉందో కనిపిస్తుంది. పని మానేసిన పాత ఉద్యోగి పేరు ఉంటే ఈరోజే తీసేయండి. 'చేంజ్ హిస్టరీ'లో ఎవరు ఏ రోజు ఏం మార్చారో కూడా ఉంటుంది. బడ్జెట్ ఒక్కసారిగా కరిగిపోవడం మొదలైన రోజున అక్కడ ఏదైనా మార్పు జరిగిందేమో చూడండి. దొంగ క్లిక్‌లు అనుకున్నది కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

రెండు వారాల లెక్క రాయండి

ఒక నోటుబుక్కు చాలు. షీట్ అలవాటు ఉంటే అదీ మంచిదే. రోజుకో వరుస: ఎన్ని క్లిక్‌లు, ఎంత ఖర్చు, ఎన్ని ఫోన్లు, ఎన్ని వాట్సాప్ మెసేజ్‌లు, ఎన్ని బుకింగులు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా నంబర్ ఎక్కడ చూశారండీ?" అని అడిగి రాసుకోండి. ఈ ఒక్క ప్రశ్న చేసే మేలు ఏ సాఫ్ట్‌వేరూ చేయదు.

దీనికి తోడు గూగుల్ తనంతట తానే పట్టుకున్న దొంగ క్లిక్‌ల సంఖ్య కూడా మీకు చూపిస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. క్యాంపెయిన్స్ పేజీలో 'కాలమ్స్' నొక్కి, 'మోడిఫై కాలమ్స్'కి వెళ్లి, 'ఇన్‌వాలిడ్ క్లిక్స్', 'ఇన్‌వాలిడ్ క్లిక్ రేట్' అనే రెండిటికీ టిక్ పెట్టండి. అక్కడ కనిపించే క్లిక్‌లకు మీ దగ్గర డబ్బు తీసుకోరు. ఒకే మనిషి పొరపాటున వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండో క్లిక్ కూడా ఈ లెక్కలోకే పోతుంది. ఆ సంఖ్య చూసి కంగారు పడనక్కర్లేదు. మామూలుగా ఉండే శాతం ఒక వారం హఠాత్తుగా పెరిగిందా అన్నదే చూడాలి. పెరిగితే ఏదో జరుగుతోందని అర్థం, ఎందుకంటే గూగుల్ వడపోతకు చిక్కనివి కూడా ఆ వారంలో కొన్ని ఉండి ఉంటాయి.

లెక్క రాసేటప్పుడు ఇంకో విషయం గుర్తుంచుకోండి. మీరు రోజుకి 600 రూపాయలు అని పెట్టినా, గూగుల్ ఒక రోజున అంతకు రెండింతలు, అంటే 1,200 దాకా ఖర్చు చేయవచ్చు. నెల మొత్తానికి మాత్రం రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు, అంటే 18,240 దాటదు. కాబట్టి ఒక రోజు ఖర్చు రెట్టింపు అయినంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు.

మూడు రకాల క్లిక్‌లను విడదీయండి

ఒకటి, దొంగ క్లిక్. మీ డబ్బు పోగొట్టాలనో, తాను డబ్బు సంపాదించుకోవాలనో చేసేది. పోటీదారుడు చేతితో నొక్కేది మొదటి రకం. రెండో రకం పెద్దది. తన వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ యాడ్స్ చూపించేవాడికి ప్రతి క్లిక్‌లో వాటా వస్తుంది కాబట్టి, ఆ క్లిక్‌లను మనుషులు కాకుండా ప్రోగ్రాములతో చేయిస్తాడు. ఇది కొత్త రోగం కాదు. అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రానికి చెందిన ఒక గిఫ్ట్ షాపు దొంగ క్లిక్‌లకు కూడా డబ్బు వసూలు చేశారని గూగుల్ మీద వేసిన కేసులో, 2006లో 9 కోట్ల డాలర్ల దాకా రాజీ కుదిరింది. 2018లో అమెరికా న్యాయశాఖ '3ve' (ఈవ్ అని పలుకుతారు) అనే ముఠా వ్యవహారాన్ని బయటపెట్టింది. జనం ఇళ్లలో, ఆఫీసుల్లో ఉన్న 17 లక్షలకు పైగా కంప్యూటర్లకు వైరస్ ఎక్కించి, వాటి యజమానులకు తెలియకుండానే వాటితో యాడ్స్ చూపించుకున్నారు. చూసేవాడికి అవి మామూలు ఇళ్ల నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ఐపీ (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్) బ్లాక్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

రెండోది, పొరపాటు క్లిక్. ఫోన్‌లో గేమ్ ఆడుతున్న పిల్లవాడి వేలు తగిలి యాడ్ తెరుచుకుంటుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, డబ్బు మాత్రం పోతుంది.

మూడోది, పనికిరాని క్లిక్. తిరుపతిలో అసలు సమస్య ఇదే. టీటీడీ 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదల చేసే రోజు దేశమంతా 'తిరుపతి' అని వెతుకుతుంది. మీది ట్రావెల్స్ యాడ్. అందులో 'తిరుపతి', 'బుకింగ్' అన్న మాటలు చూసి, దర్శనం టికెట్ దొరుకుతుందేమోనన్న ఆశతో భక్తుడు నొక్కుతాడు. రెండు సెకన్లలో కాదని తెలిసి వెనక్కి వెళ్లిపోతాడు. మీ రిపోర్టులో అది అచ్చం దొంగ క్లిక్‌లాగే ఉంటుంది: వచ్చాడు, ఏమీ చూడలేదు, పోయాడు. కానీ అతను దొంగ కాదు. మీ యాడ్ తప్పు మనిషికి కనిపించింది, అంతే.

ఇది తేల్చుకోవడానికి 'సెర్చ్ టర్మ్స్' రిపోర్ట్ తెరవండి. జనం నిజంగా ఏం టైప్ చేస్తే మీ యాడ్ వచ్చిందో అందులో ఉంటుంది. మీరు అమ్మనివాటిని నెగెటివ్ కీవర్డ్స్‌లో, అంటే ఈ మాటలతో వెతికితే నా యాడ్ చూపించవద్దని గూగుల్‌కి చెప్పే జాబితాలో పెట్టండి: దర్శనం టికెట్, సర్వదర్శనం, టోకెన్, లడ్డూ, టీటీడీ రూమ్స్, ఆర్టీసీ బస్ టైమింగ్స్, డ్రైవర్ జాబ్, రైలు టైమింగ్స్. నెగెటివ్ కీవర్డ్స్‌లో ఒక మాట పెడితే అదే అర్థం ఉన్న ఇంకో మాటకు అది పనిచేయదు. 'జాబ్' పెడితే 'జాబ్స్' ఆగదు, 'ఉద్యోగం' అసలే ఆగదు. ఏకవచనం, బహువచనం రెండూ పెట్టాలి. మనకొచ్చే యాత్రికుల్లో తమిళులు, కన్నడిగులు, హిందీవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఆ భాషల్లో కూడా ఈ మాటలు రాయించి పెట్టండి. శ్రద్ధగా చేస్తే ఒక సాయంత్రం పని. చేసిన తర్వాత రెండు వారాలు మళ్లీ లెక్క రాయండి. 'దొంగ క్లిక్‌లు' అనుకున్నవి ఎన్ని మిగిలాయో అప్పుడు నిజంగా తెలుస్తుంది.

సెట్టింగుల్లో మూయాల్సిన దారులు

నెట్‌వర్క్ సంగతి ముందు. సెర్చ్ క్యాంపెయిన్ పెట్టేటప్పుడు 'సెర్చ్ పార్ట్‌నర్స్', 'డిస్‌ప్లే నెట్‌వర్క్' అనే రెండు టిక్కులు ఉంటాయి. తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లు రెండూ తీసేయండి. టిక్కులు ఉంటే మీ యాడ్ గూగుల్ పేజీ దాటి ఎక్కడెక్కడో వెబ్‌సైట్లలో, యాప్‌లలో కనిపిస్తుంది. వాటా కోసం క్లిక్‌లు చేయించేవాడి అడ్డా అక్కడే. 'పెర్ఫార్మెన్స్ మ్యాక్స్' క్యాంపెయిన్ అయితే సెర్చ్, యూట్యూబ్, జీమెయిల్, మ్యాప్స్, డిస్‌ప్లే అన్నిట్లోనూ తిరుగుతుంది, డిస్‌ప్లేని విడిగా ఆపే టిక్కు అందులో లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా మామూలు సెర్చ్ క్యాంపెయినే.

డిస్‌ప్లే యాడ్స్ తప్పదనుకుంటే యాడ్స్ ఎక్కడ కనిపించాయో చూపే ప్లేస్‌మెంట్స్ రిపోర్ట్ వారానికోసారి చూడండి. పిల్లల గేమ్‌లు, టార్చ్‌లైట్ యాప్‌లు, పేరు కూడా సరిగా లేని వెబ్‌సైట్లు బారులు తీరి ఉంటే వాటన్నిటినీ ఎక్స్‌క్లూడ్ చేయండి. యాప్‌ల కేటగిరీలను మొత్తంగా తీసేసే వీలు కూడా ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ పెట్టేవాళ్లు 'ఆడియన్స్ నెట్‌వర్క్' అన్న టిక్కు తీసేస్తే ఇదే పని అవుతుంది.

తర్వాత లొకేషన్. ఇక్కడ వ్యాపారాన్ని బట్టి సలహా మారుతుంది. 'లొకేషన్ ఆప్షన్స్'లో గూగుల్ ముందుగానే పెట్టి ఉంచేది, ఆ ఊళ్లో ఉన్నవాళ్లకీ ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకీ యాడ్ చూపించమని. డెంటల్ క్లినిక్కుకి ఇది నష్టం. భోపాల్‌లో కూర్చుని తిరుపతి గురించి చదివే మనిషి మీ క్లినిక్కుకి రాడు. వాళ్లు 'ప్రెజెన్స్' అన్నదాన్ని, అంటే ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే చూపించడాన్ని ఎంచుకోవాలి. ట్రావెల్స్‌కి, లాడ్జీకి సంగతి వేరు. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో ఉన్నవాడే వాళ్ల కస్టమర్. అలాంటప్పుడు తిరుపతి మీద ఆసక్తి అనే గాలి లెక్క వదిలేసి, మీకు నిజంగా బుకింగులు వచ్చే ఊళ్లనే పేరుపేరునా చేర్చండి. ఆ ఊళ్లకు కూడా 'ప్రెజెన్స్' పెట్టండి. మన దేశం బయటి నుంచి క్లిక్‌లు వస్తున్నాయేమో లొకేషన్ రిపోర్ట్‌లో చూడండి. ఎన్నారై బుకింగులు మీకు లేకపోతే ఆ దేశాలను ఎక్స్‌క్లూడ్ చేసేయండి.

టైమింగ్ విషయంలో బయట దొరికే సలహాలు మన ఊరికి పనికిరావు. "రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా యాడ్ ఆపేయండి, ఆ టైమ్‌లో వచ్చేవన్నీ బాట్లు, అంటే క్లిక్‌లు చేసే ప్రోగ్రాములు" అని చెబుతుంటారు. తిరుపతి రాత్రంతా మేలుకునే ఊరు. తెల్లవారుజామున రైలు దిగిన కుటుంబం స్టేషన్ బయట నిలబడి అలిపిరికి బండి కోసం, రెండు గంటలు నడుం వాల్చడానికి గది కోసం వెతుకుతుంది. ట్రావెల్స్, లాడ్జీల వాళ్లు రాత్రి యాడ్ ఆపితే నిజమైన బేరం పోతుంది. రాత్రి ఫోన్ ఎత్తే మనిషి ఉన్నాడా అన్నదే మీరు చూసుకోవాల్సింది. కోచింగ్ సెంటర్లు, క్లినిక్కులు మాత్రం నిశ్చింతగా ఆపేయవచ్చు.

'ఆటో అప్లై' సలహాలు ఆన్‌లో ఉంటే గూగుల్ మీ తరఫున కొత్త కీవర్డ్స్ చేర్చడం లాంటి మార్పులు చేసేస్తుంది. 'రికమెండేషన్స్' పేజీలోకి వెళ్లి ఆఫ్ చేయండి.

మీ మనుషుల సంగతి కూడా చూడాలి. "మన యాడ్ వస్తోందా లేదా" అని మేనేజరు, బావమరిది, రిసెప్షన్‌లో అమ్మాయి రోజూ వెతికి నొక్కితే ఆ డబ్బూ మీదే. యాడ్ చూసుకోవడానికి గూగుల్ యాడ్స్‌లోనే 'యాడ్ ప్రివ్యూ అండ్ డయాగ్నసిస్' అనే టూల్ ఉంది. అందులో చూస్తే పైసా పోదు. ఈ సంగతి ఇంట్లో, ఆఫీసులో అందరికీ చెప్పండి.

సర్వర్ లాగ్ చదవడం

ఇంతా చేశాక కూడా ఫోన్లు రాకుండా డబ్బు పోతుంటే ఇప్పుడు ఆధారాలు వెతకాలి. గూగుల్ అనలిటిక్స్ ఎవరి ఐపీ అడ్రసూ చూపించదు, నిల్వ చేయదు. కాబట్టి మీ వెబ్‌సైట్ హోస్టింగ్‌లోకి వెళ్లాలి. సీప్యానెల్ ఉన్న హోస్టింగ్ అయితే 'రా యాక్సెస్' అనే చోట లాగ్ ఫైల్, అంటే సైట్‌కి వచ్చినవాళ్ల చిట్టా డౌన్‌లోడ్ అవుతుంది. మీ వల్ల కాకపోతే సైట్ చేసిన అబ్బాయిని అడగండి, పది నిమిషాల పని. పాత లాగ్‌లను హోస్టింగ్ వాళ్లు కొన్నాళ్లకు చెరిపేస్తారు కాబట్టి వాటిని దాచి ఉంచే ఆప్షన్‌ని ముందే ఆన్ చేయించండి.

లాగ్‌లో ఒక్కో వరుసలో ఐపీ అడ్రస్, తేదీ, టైమ్, తెరిచిన పేజీ, ఫోన్ లేదా బ్రౌజర్ వివరం ఉంటాయి. గూగుల్ యాడ్స్‌లో ఆటో ట్యాగింగ్ ఆన్‌లో ఉంటే, యాడ్ నొక్కి వచ్చిన ప్రతి మనిషి పేజీ అడ్రస్ చివర 'జీసీఎల్‌ఐడీ' అనే పొడుగాటి గుర్తు అతుక్కుని ఉంటుంది. సినిమా టికెట్ మీద నంబర్ లాంటిది అది, ఒక్కో క్లిక్‌కి ఒక్కోటి. ఐఫోన్ నుంచి వచ్చే కొన్ని క్లిక్‌లకు దీని బదులు వేరే గుర్తు ఉంటుంది. ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి ఈ గుర్తు ఉన్న వరుసలను మాత్రం ఉంచి, ఐపీ ప్రకారం వరుసలో పెట్టండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఒకే ఐపీ నుంచి పది వరుసలు కనబడగానే దొంగ దొరికాడనుకుంటారు. ఆ పది వరుసల్లోనూ జీసీఎల్‌ఐడీ ఒక్కటే అయితే జరిగింది ఒక్క క్లిక్కే. ఆ మనిషి పేజీని మళ్లీ లోడ్ చేసి ఉంటాడు, లేదా వెనక్కి వెళ్లి వచ్చి ఉంటాడు. మీకు డబ్బు ఒక్కసారే పోయింది. ఐపీ ఒకటే ఉండి, జీసీఎల్‌ఐడీలు వేరువేరుగా ఉంటేనే అవి వేరువేరు క్లిక్‌లు.

అలా రెండు మూడు ఉన్నా తొందరపడకండి. ఐదుగురు కలిసి యాత్రకు బయల్దేరితే రేట్లు పోల్చుకోవడానికి ఒకే మనిషి మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి మీ యాడ్ నొక్కడం మామూలే. అలాంటివాడే చివరికి బుక్ చేస్తాడు. అనుమానించాల్సింది ఇలాంటివాటిని: అరగంటలో ఐదారు వేరువేరు క్లిక్‌లు, ఏ ఒక్కదాంట్లోనూ రెండో పేజీ తెరవకపోవడం. ప్రతిరోజూ బడ్జెట్ మొదలైన కాసేపటికే, అదే టైమ్‌కి, అదే మోడల్ ఫోన్ నుంచి క్లిక్‌లు. ఐపీ ఎవరిదని వెతికితే ఇంటర్నెట్ కంపెనీ కాకుండా సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీ పేరు రావడం. యాత్రికుడెవడూ సర్వర్లలో కూర్చుని కారు బుక్ చేయడు.

రెండు జాగ్రత్తలు. చాలా సర్వర్ల టైమ్ మన టైమ్ కాదు. ప్రపంచ సమయంలో ఉంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి, లేకపోతే తెల్లవారుజాము క్లిక్‌లు అర్ధరాత్రివి అనుకుంటారు. అలాగే సైట్‌కి క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మధ్యవర్తి సర్వీసు ముందు పెట్టుకుని ఉంటే లాగ్‌లో కనిపించే ఐపీ దానిదే కావచ్చు. అసలు ఐపీ వచ్చేలా సైట్ చేసినవాళ్లతో సరిచేయించండి.

ఐపీ బ్లాక్: ఎంతవరకు?

క్యాంపెయిన్ సెట్టింగుల్లో 'ఐపీ ఎక్స్‌క్లూజన్స్' ఉంటుంది. ఒక్కో క్యాంపెయిన్‌కి 500 దాకా పెట్టవచ్చు. 203.0.113.25 లాంటి ఒక్క అడ్రస్ అయినా, 203.0.113.* అని ఆ చివరి భాగం మొత్తమైనా పెట్టవచ్చు. మీ ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ ఐపీ, సర్వర్ కంపెనీల ఐపీలు, వరుసగా దొరికిపోయినవి ఇక్కడ చేర్చండి.

మొబైల్ ఐపీలను మాత్రం పెట్టకండి. మొబైల్ నెట్‌వర్క్‌లలో వందల మంది ఒకే ఐపీ వెనక ఉంటారు. మీరు ఒకడిని ఆపబోయి అదే ఐపీ మీద ఉన్న యాత్రికులందరికీ యాడ్ ఆపేస్తారు. ఆ ఒకడేమో ఫ్లైట్ మోడ్ వేసి తీస్తే చాలు, కొత్త ఐపీతో మళ్లీ వస్తాడు. ఇందాక చెప్పిన వైరస్ ముఠా లాంటివాళ్లకు లక్షల ఐపీలు ఉంటాయి, వాళ్లను 500 వరుసలతో ఆపలేం. కాబట్టి ఇది ఒక చిన్న గొళ్లెం మాత్రమే, దీన్ని నమ్ముకుని పై సెట్టింగులు వదిలేయకండి.

దొంగ క్లిక్‌లను ఆపుతామని నెలకింత తీసుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి చేసే ముఖ్యమైన పని ఈ ఐపీ జాబితాను తమంతట తాము నింపడమే. కొనాలా వద్దా అన్నది మీ నోటుబుక్కే చెబుతుంది. రోజుకి 600, క్లిక్ 20 రూపాయలు అనుకుంటే రోజుకి 30 క్లిక్‌లు, నెలకి 18,000. లాగ్‌లో తేలిన దొంగ క్లిక్‌లు నూటికి ఐదు అయితే నెల నష్టం 900. సాఫ్ట్‌వేర్ ధర అంతకన్నా ఎక్కువైతే వద్దు. నెలకి రెండు మూడు లక్షలు యాడ్స్ మీద పెట్టే పెద్ద హోటల్‌కి లెక్క వేరుగా ఉంటుంది.

దొంగ ఫారాలు, దొంగ ఫోన్లు

క్లిక్ పోతే 20 రూపాయలు పోతాయి. దొంగ ఎంక్వైరీ వస్తే నష్టం అక్కడితో ఆగదు. క్లిక్‌కి ఎంత పెట్టాలో గూగులే తేల్చుకునే 'మ్యాగ్జిమైజ్ కన్వర్షన్స్' లాంటి ఆటోమేటిక్ బిడ్డింగ్ వాడుతుంటే, కన్వర్షన్ (ఫోన్, ఫారం, బుకింగ్ లాంటి మీకు కావాల్సిన ఫలితం) ఎలాంటివాళ్ల దగ్గరి నుంచి వచ్చిందో గూగుల్ నేర్చుకుని అలాంటివాళ్లనే ఇంకా వెతికి తెస్తుంది. ప్రోగ్రాములు నింపిన ఫారాలను మీరు కన్వర్షన్లుగా లెక్కిస్తే, మీ డబ్బుతో మీరే అలాంటి చోట్లకు యాడ్‌ని పంపిస్తున్నట్టు. చాలామంది పట్టించుకోని ప్రమాదం ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది కూడా.

దీనికి చేయాల్సింది: పేజీ తెరవడాన్నీ, బటన్ నొక్కడాన్నీ ముఖ్యమైన కన్వర్షన్‌గా లెక్కించకండి. ఫోన్ కాల్ అయితే 60 సెకన్లు దాటినవాటినే లెక్కించండి, ఆ సెట్టింగ్ కాల్ కన్వర్షన్‌లోనే ఉంటుంది. ఫారంలో మొబైల్ నంబర్ పది అంకెలు ఉండాలని, 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవ్వాలని షరతు పెట్టించండి. నింపేది మనిషో ప్రోగ్రామో తేల్చే రీక్యాప్చా పెట్టించండి. మనిషి కంటికి కనబడని ఒక ఖాళీ గడి కూడా ఫారంలో పెట్టించండి. మనుషులు దాన్ని నింపరు, ప్రోగ్రాములు నింపేస్తాయి, నింపినవాటిని సైట్ పక్కన పడేస్తుంది. వీలైతే ఓటీపీ. కాస్త శ్రమపడగలిగితే, అడ్వాన్స్ కట్టిన బుకింగుల జీసీఎల్‌ఐడీలను మాత్రమే గూగుల్‌కి తిరిగి పంపే 'ఆఫ్‌లైన్ కన్వర్షన్' పద్ధతి ఉంది. నిజమైన బేరం ఏదో గూగుల్‌కి దాని వల్ల తెలుస్తుంది.

గూగుల్‌ని డబ్బు అడగడం

ముందు 'బిల్లింగ్'లో 'ట్రాన్సాక్షన్స్' చూడండి. గూగుల్ తర్వాత గుర్తించిన దొంగ క్లిక్‌లకు 'ఇన్‌వాలిడ్ యాక్టివిటీ' పేరుతో డబ్బు జమ చేసి ఉండవచ్చు. అప్పటికే వెనక్కి ఇచ్చినదానికి మళ్లీ అడిగితే మీ మాట తేలికవుతుంది.

జమ కాకపోతే, గూగుల్ యాడ్స్ హెల్ప్‌లో 'క్లిక్ క్వాలిటీ ఫారం' అని వెతికి నింపండి. ఆలస్యం చేయవద్దు, పాత క్లిక్‌లను తవ్వమంటే తవ్వరు. రాసేటప్పుడు "నా పోటీదారుడు మోసం చేస్తున్నాడు" అని మొదలుపెట్టకండి. ఏ తేదీల మధ్య, ఏ క్యాంపెయిన్‌లో, ఏ కీవర్డ్ మీద, అంతకుముందు రెండు వారాలు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఏ ఐపీల నుంచి ఏ టైమ్‌లకు ఏ జీసీఎల్‌ఐడీలతో వచ్చారు. ఇవి చాలు. లాగ్ వరుసలను ఫైల్‌గా పెట్టండి. అడిగిన ప్రతిసారీ డబ్బు రాదు, ఎవరు నొక్కారో గూగుల్ ఎప్పుడూ చెప్పదు. అయినా వివరంగా రాసిన ఫిర్యాదుని సరిగా చూస్తారు.

పక్క వ్యాపారి మీద గట్టి అనుమానం ఉన్నా లాగ్ కాగితం పట్టుకుని గొడవకు వెళ్లకండి. ఐపీ అనేది మనిషి పేరు కాదు. దాని వెనక ఎవరున్నారో ఇంటర్నెట్ కంపెనీ పోలీసులకే చెబుతుంది, మీకు చెప్పదు. నష్టం పెద్దదై, ఆధారాలు ఉంటే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ స్థానిక పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. దురుద్దేశంతో చేసే కంప్యూటర్ నేరాలకు ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. అకౌంట్ హ్యాక్ అయి మీ కార్డు నుంచే డబ్బు లాగేస్తుంటే అది వేరే సంగతి, వెంటనే బ్యాంకుకి, 1930కి ఫోన్ చేయాలి. కోపంతో అవతలివాడి యాడ్‌ని మీరు నొక్కడం మాత్రం ఎప్పుడూ వద్దు. అప్పుడు అదే ఫిర్యాదు మీ మీదకు వస్తుంది.

రద్దీ రోజుల్లో

బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు, టికెట్లు విడుదలయ్యే రోజులు. వీటిలో క్లిక్‌లు ఎలాగూ ఎగబాకుతాయి. ఆ రోజుల అంకెలను మామూలు వారంతో పోల్చి మోసం అనుకోకండి. నోటుబుక్కులో ఆ తేదీల పక్కన పండుగ పేరు రాయండి. నెగెటివ్ కీవర్డ్స్‌ని పండుగకు వారం ముందే ఒకసారి తిరగేసి, ఆ ఏడాది జనం కొత్తగా వెతుకుతున్న మాటలను చేర్చండి. కార్లన్నీ బుక్ అయిపోయిన పూట, గదులన్నీ నిండిన పూట యాడ్‌ని పాజ్ చేయండి, అమ్మడానికి ఏమీ లేనప్పుడు వచ్చే నిజమైన క్లిక్ కూడా నష్టమే. పండుగ అయ్యాక ఆ రోజుల లాగ్ ఫైళ్లను విడిగా ఒక ఫోల్డర్‌లో దాచండి. వచ్చే ఏడాది అదే పండుగకు పోల్చి చూసుకోవడానికి మీ దగ్గర ఉండే లెక్క అదొక్కటే.